‘ద హోల్ నైన్ యార్డ్స్’: తొమ్మిది గజాల చీరతో దీనికి చుట్టరికం ఉందా?

మీ ప్రశ్న ఇది: ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి ఇంగ్లిష్ జాతీయాల పుట్టుక మీద ప్రాజెక్టు రాస్తోంది. వాటిలో ‘ద హోల్ నైన్ యార్డ్స్’ ఒకటి. మన ఆడవాళ్లు కట్టే తొమ్మిది గజాల చీరను చూసి తెల్లదొరలు ఈ మాట పుట్టించారని మీకు వాట్సాప్‌లో ఒక సందేశం వచ్చింది. అది నిజమేనా, కాకపోతే ఏమి రాయాలి, అసలు ఈ మాటను ఎక్కడ వాడాలి అని అడిగారు.

నిజం కాదు. చీరకూ ఈ జాతీయానికీ ఏ సంబంధమూ లేదు. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు, నిఘంటువుల సంపాదకత్వంలో చాలాకాలం పనిచేసినవాడిగా ఈ మాట మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఉంది. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ ఇంగ్లిష్‌లో ఇంతమందిని ఇన్నేళ్లు వెతికించిన జాతీయం మరొకటి దొరకడం కష్టం. మీ అమ్మాయి ఎంచుకున్న వాటిలో అన్నిటికంటే మంచిది ఇదేనని నా అభిప్రాయం. అందుకే కొంచెం విస్తరంగా చెబుతాను.

ముందు అర్థం. ‘ఉన్నదంతా, ఒక్కటీ వదలకుండా, మొదటి నుంచి చివరి దాకా’ అని దీని భావం. దీనికి రెండు వాడుకలు ఉన్నాయి. ఒకటి, జాబితా చివర వచ్చేది. ఒక అమెరికన్ తన స్నేహితుడి పెళ్లి గురించి చెబుతూ సంగీతం, పూలు, గుర్రపు బండి, ఐదంతస్తుల కేకు అని వరసగా చెప్పి చివర ‘ద హోల్ నైన్ యార్డ్స్’ అంటాడు. ‘ఇంకా ఏమేమి ఉంటాయో అవన్నీ’ అని వినేవాడు అర్థం చేసుకుంటాడు. రెండోది, ‘గో’ అనే క్రియతో కలిసి వచ్చేది. ఒక పనిని సగంలో ఆపకుండా చివరికంటా చేశాడని చెప్పడానికి వాడతారు. రెండు వాడుకల్లోనూ గజాలకు, కొలతకు ఏ విలువా లేదు. అక్కడ పొడవు ఉండదు, బట్ట ఉండదు. సంపూర్ణత ఒక్కటే ఉంటుంది.

ఇక మీకు వచ్చిన సందేశం సంగతి. ఆ కథను మనవాళ్లు ఎందుకు అంత సులభంగా నమ్ముతారో నాకు బాగా తెలుసు. అంకె సరిగ్గా సరిపోతుంది. గోచీ పోసి కట్టే పెద్ద చీర తొమ్మిది గజాలు. మరాఠీవాళ్ల నవ్వారీ, తమిళ బ్రాహ్మణ స్త్రీల మడిసార్ కూడా ఆ కొలతవే. పైగా చీర కట్టడమంటే నిండుతనం, సంపూర్ణత. కథకు కావలసినవన్నీ కుదిరాయి. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఈ జాతీయానికి పాత రోజుల్లో ‘ఆరు గజాలు’ అనే రూపం కూడా ఉండేది. మామూలు చీర ఆరు గజాలు, పెద్ద చీర తొమ్మిది గజాలు. ఈ సంగతి తెలిస్తే ఆ సందేశం రాసినవారు ఎగిరి గంతేసేవారు.

కానీ అంకె సరిపోవడం సాక్ష్యం కాదు. ఒక మాట ఫలానా చోట పుట్టిందని చెప్పాలంటే, అది ఆ చోట, ఆ కాలంలో, ఆ మనుషుల నోట వినిపించి ఉండాలి. చీర నుంచి వచ్చి ఉంటే ఈ మాట ముందు ఎక్కడ కనబడాలి? మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల ఇంగ్లిష్ పత్రికల్లో. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల ఉత్తరాల్లో. ఇక్కడ కాపురాలు చేసిన దొరసానుల దినచర్యల్లో. అక్కడి నుంచి లండన్‌కు, లండన్ నుంచి అమెరికాకు వెళ్లాలి. జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. ఇది నూటికి నూరుపాళ్లు అమెరికన్ మాట. బ్రిటన్‌వాళ్లే దీన్ని ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో అమెరికన్ల నుంచి నేర్చుకున్నారు.

భారతదేశంలోని ఇంగ్లిష్‌వాళ్లు మన నుంచి తీసుకున్న మాటలకు పెద్ద నిఘంటువే ఉంది. హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ 1886లో వెలువడింది. బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన పండితుడు, దక్షిణాది భాషలు చదివినవాడు. అందులో చీర ఉంది, కానీ తొమ్మిది గజాల జాతీయం లేదు. మరో చిన్న విషయం కూడా గమనించండి. మన పెద్దవాళ్లు చీర పొడవును మూరల్లో చెప్పేవారు. గజానికి రెండు మూరలు కాబట్టి ఈ పెద్ద చీర పద్దెనిమిది మూరల చీర. ఇక్కడి మాట విని దొరలు జాతీయం కట్టి ఉంటే అందులో పద్దెనిమిది ఉండాలి.

చీర కథ ఒక్కటే కాదు, ఈ జాతీయం చుట్టూ అల్లిన కథలు చాలా ఉన్నాయి. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది రెండో ప్రపంచ యుద్ధపు కథ. యుద్ధ విమానాల్లో మెషిన్ గన్ తూటాల పట్టీ 27 అడుగులు, అంటే తొమ్మిది గజాలు ఉండేదనీ, పట్టీ మొత్తం శత్రువు మీద ఖాళీ చేస్తే ‘తొమ్మిది గజాలూ ఇచ్చాను’ అని పైలట్లు అనేవారనీ చెబుతారు. వినడానికి ఎంతో బాగుంటుంది. కథలో విమానం ఉంది, వీరత్వం ఉంది, ‘ఇచ్చాను’ అన్న క్రియ కూడా చక్కగా అమరింది. నమ్మినవారిని తప్పుపట్టను. అయితే తూటాలను లెక్కపెట్టేది సంఖ్యతో. ఒక తుపాకికి ఇన్ని వందల తూటాలు అని చెబుతారు తప్ప గజాలతో ఎవరూ కొలవరు. పట్టీ పొడవు కూడా విమానాన్ని బట్టి, తుపాకి బిగించిన చోటును బట్టి మారేది. అన్నిటికీ మించి, ఆ యుద్ధంలో పాల్గొన్న లక్షలమంది రాసిన ఉత్తరాలు, దినచర్యలు, పత్రికా కథనాలు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో ఈ మాట ఈ అర్థంతో దొరకలేదు. కథ మాత్రం యుద్ధం ముగిసిన కొన్ని దశాబ్దాలకు ప్రచారంలోకి వచ్చింది.

ఇంకొకటి కాంక్రీటు లారీ కథ. రెడీమిక్స్ లారీలో తొమ్మిది ఘనపు గజాల కాంక్రీటు పడుతుందనీ, మొత్తం దింపేస్తే ‘తొమ్మిది గజాలూ’ అనీ. న్యూయార్క్ టైమ్స్ పత్రికలో భాష గురించి ఏళ్ల తరబడి శీర్షిక రాసిన విలియం సఫైర్ అంతటివాడు ఈ కథ వైపు మొగ్గాడు. ఆయన 1982లో ల్యారీ కింగ్ రేడియో కార్యక్రమంలో ‘ఈ మాట ఎక్కడిదో మీకు తెలుసా’ అని శ్రోతలను అడిగాడు. జవాబులు వెల్లువెత్తాయి. ప్రతి ఒక్కరూ గట్టి నమ్మకంతో చెప్పారు, ఒకరు చెప్పినదానికీ మరొకరు చెప్పినదానికీ పొంతన లేదు. ఆ తర్వాత కూడా ఆయన దీని మీద మళ్లీ మళ్లీ రాయాల్సి వచ్చింది. అయితే ఈ జాతీయం అచ్చులోకి వచ్చిన తొలి రోజుల్లో లారీ మీద కాంక్రీటు కలిపే యంత్రమే లేదు. 1960ల మొదట్లో కూడా సాధారణ లారీ తొమ్మిది ఘనపు గజాల కంటే తక్కువే మోసేది.

మిగతా కథలను త్వరగా దాటేస్తాను. ఓడల్లో తెరచాప కట్టే అడ్డుకొయ్యను ఇంగ్లిష్‌లో ‘యార్డ్’ అంటారు కాబట్టి మూడు కొయ్యస్తంభాలకు మూడేసి చొప్పున తొమ్మిది అంటారు కొందరు. పెద్ద ఓడల్లో ఒక్కో స్తంభానికి మూడు కంటే ఎక్కువే ఉండేవి, నావికుల రాతల్లో ఈ మాటా లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి వచ్చిందంటారు మరికొందరు, కానీ ఆ ఆటలో ముందుకు వెళ్లాల్సింది పది గజాలు, తొమ్మిది దగ్గర ఆగితే అది వైఫల్యమే. స్కాట్లాండ్ మగవాళ్లు కట్టే గళ్ల లంగా కిల్ట్‌కు తొమ్మిది గజాల బట్ట పడుతుందన్న కథకు స్కాట్లాండ్‌లోనే ఆధారం లేదు.

ఇప్పుడు అసలు సాక్ష్యం. ఈ అన్వేషణ జరిగిన తీరు నాకు ఒక నేరపరిశోధన కంటే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. చాలాకాలం పాటు నిఘంటువుల దగ్గర ఉన్న పాత ఉదాహరణలన్నీ 1960ల నాటివే. వియత్నాంలో అమెరికా వైమానిక దళం గురించి ఇలేన్ షెపర్డ్ 1967లో ప్రచురించిన పుస్తకంలో ఈ మాట ఉంది. అందుకే సైనికుల మధ్య పుట్టిన మాట అని పండితులు కూడా అనుకున్నారు, తూటాల పట్టీ కథకు బలం వచ్చింది. తర్వాత 1964 నాటి ఒక పత్రికా వ్యాసం దొరికింది. అంతరిక్ష సంస్థ నాసాలో పనిచేసేవాళ్ల వాడుక మాటల గురించి స్టీఫెన్ ట్రంబుల్ రాసినది. ‘తొమ్మిది గజాలూ ఇవ్వు’ అంటే ఒక ప్రాజెక్టు గురించి అంశాలవారీగా పూర్తి నివేదిక ఇవ్వమని అర్థం అని అందులో వివరించాడు. ‘నివేదిక’ అన్నది గుర్తుపెట్టుకోండి, దాని అవసరం వస్తుంది. ఆ తర్వాత 1962 నాటిది ఒకటి బయటపడింది. కార్ల పత్రికలో అచ్చయిన ఒక పాఠకుడి ఉత్తరం అది. షెవర్లే ఇంపాలా కారులోని సదుపాయాలన్నిటినీ కలిపి ‘తొమ్మిది గజాలూ’ అన్నాడు.

అప్పటికి సైనికుల కథ బీటలు వారింది. దాన్ని పూర్తిగా కూల్చినది కెంటకీ రాష్ట్రపు వేట, చేపల శాఖ ప్రచురించే పత్రిక. 1956లో ఆ పత్రికలో ఒక రచయిత చేపలు పట్టే పోటీ వివరాలన్నీ చెప్పి, ఇవీ ‘తొమ్మిది గజాలూ’ అని ముగించాడు. తర్వాతి ఏడాది మళ్లీ వాడాడు. ఆయన ఏ వివరణా ఇవ్వకుండా వాడాడు కాబట్టి ఆ ప్రాంత పాఠకులకు అది అప్పటికే పరిచయమైన మాట అయి ఉండాలి.

2012లో పెద్ద మలుపు వచ్చింది. దీని వెనుక ఇద్దరు ఉన్నారు. ఒకరు బోనీ టేలర్-బ్లేక్. వృత్తిరీత్యా నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. పాత పత్రికల్లో ఈ మాటను వెతకడం ఆమెకు సొంత ఆసక్తి. మరొకరు యేల్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల గ్రంథపాలకుడు, ఉల్లేఖనాల కోశం సంపాదకుడు ఫ్రెడ్ షపీరో. అప్పటికి అమెరికా పాత పత్రికలు లక్షల పేజీలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. ఏ మాట కావాలన్నా వెతకవచ్చు. అయితే ‘తొమ్మిది గజాలు’ అని మాత్రమే వెతికితే చిక్కనిది, అంకె మార్చి వెతికేసరికి చిక్కింది. కెంటకీలో మౌంట్ వెర్నాన్ అనే చిన్న ఊరి పత్రిక ‘సిగ్నల్’లో 1912లో రెండుసార్లు ‘ద హోల్ సిక్స్ యార్డ్స్’ అని ఉంది. ఆరు గజాలు!

ఆ రెండింటిలో మొదటిది 1912 మే 17 సంచికలోది. ఆ ఏడు అమెరికా అధ్యక్ష ఎన్నికలు. రిపబ్లికన్ పార్టీలో థియోడర్ రూజ్‌వెల్ట్, విలియం టాఫ్ట్ ఒకరి మీద ఒకరు దుమ్మెత్తిపోసుకుంటున్నారు. డెమోక్రాట్ అయిన విలేకరి సంబరపడుతూ రాశాడు: ఇద్దరికీ పడకపోబట్టి కదా మనకు ఇన్ని సంగతులు తెలుస్తున్నాయి, పోరు బాగా వేడెక్కనివ్వండి, ఆరు గజాలూ వాళ్లే చెప్పేస్తారు అని. రెండోదానిలో విలేకరి కొద్దిరోజులు ఊళ్లో లేక వార్తలన్నీ సేకరించలేకపోయానని చెప్పి, వచ్చే సంచికలో ఆరు గజాలూ ఇస్తానని పాఠకులకు మాట ఇచ్చాడు. 1921లో దక్షిణ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ పత్రిక ఒక బేస్‌బాల్ ఆట కథనానికి ఆరు గజాల మాటనే శీర్షికగా పెట్టింది.

2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఈ సంగతి ప్రకటించినప్పుడు షపీరో చెప్పిన వాదం ఇది: జాతీయాల్లో అంకె కాలక్రమంలో పెరుగుతుంది. ఆనందంతో తేలిపోతున్నాడని చెప్పడానికి ఇప్పుడు ‘క్లౌడ్ నైన్’ అంటున్నారు. దానికి ముందు ఏడో మేఘం, ఎనిమిదో మేఘం కూడా ఉండేవి. అలాగే ఆరు గజాలు తొమ్మిది అయ్యాయి. కాబట్టి ఆ అంకె వెనుక ఏ వస్తువూ లేదు, ఏ పట్టీ లేదు, ఏ లారీ లేదు.

ఈ వాదంలో మొదటి భాగాన్ని తర్వాత దొరికిన సాక్ష్యం కొంచెం సవరించింది. ఇండియానా రాష్ట్రం దక్షిణ భాగంలో మిచెల్ అనే ఊరు ఉంది. అక్కడి ‘కమర్షియల్’ పత్రికలో 1907లో, 1908లో ‘ద ఫుల్ నైన్ యార్డ్స్’ అని కనబడింది. మొదటిది ఊరి బేస్‌బాల్ జట్టుకూ వ్యాపారస్థులకూ జరగబోయే ఆట గురించి. వ్యాపారస్థులు తట్టుకున్నంతవరకు ఆట సాగుతుంది, తొమ్మిది గజాలూ ఉంటుందని మాత్రం హామీ ఇవ్వలేమని రాశారు. రెండోది నాకు ఎంతో ఇష్టమైనది. రాస్కో అనే ఆయన చేపలు పట్టడానికి వెళ్లివచ్చాడట. చెప్పడానికి పెద్ద కథ ఉందట. మేము మాత్రం నిలబడి వినలేమని పత్రిక రాసింది. ఎప్పుడో ఒకరోజు ఏమీ తెలియని అమాయకుడు ఎవరో దొరుకుతాడు, అతనికి తొమ్మిది గజాలూ వినిపిస్తాడు అని ముగించింది. అంటే ఆరు కంటే ముందే తొమ్మిది ఉంది. ఆరు పెరిగి తొమ్మిది అయిందని కాకుండా, రెండూ పక్కపక్కనే బతికాయనీ, చివరికి తొమ్మిది నిలిచిందనీ చెప్పడం సబబు. అంకె వెనుక నిర్దిష్టమైన వస్తువు లేదన్న రెండో భాగం మాత్రం ఇంకా బలపడింది. తూటాల పట్టీ సరిగ్గా 27 అడుగులు కాబట్టి తొమ్మిది వచ్చిందనేవారు, అదే జాతీయం ఆరుతో కూడా ఎందుకు ఉందో చెప్పలేరు. పైగా రైట్ సోదరుల మొదటి విమానం ఎగిరింది 1903 డిసెంబరులో. రాస్కో చేపల కథ నాటికి యుద్ధ విమానాలే లేవు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మీ అమ్మాయికి చూపించవలసిన విషయం ఒకటి ఉంది. మిచెల్ పట్టణం ఎవరి సొంతూరో తెలుసా? అమెరికా తొలి వ్యోమగాముల్లో ఒకరైన గస్ గ్రిసమ్‌ది. ఆయన 1926లో అక్కడే పుట్టాడు, 1967లో అపోలో 1 అగ్నిప్రమాదంలో మరణించాడు. 1964లో ఈ మాట నాసాలో వినిపించిందని పైన చెప్పాను. గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది, అవునా? ఊళ్లో విన్న మాటను గ్రిసమ్ నాసాకు తీసుకువెళ్లాడని కథ అల్లేయాలనిపిస్తుంది. ఆయన ఈ మాట వాడినట్టు చూపించే కాగితం ఒక్కటి కూడా నా కంటపడలేదు. వైమానిక దళంలో కెంటకీ, ఇండియానా కుర్రాళ్లు వేలమంది ఉండి ఉంటారు. వాళ్లలో ఎవరైనా తీసుకువెళ్లి ఉండవచ్చు. చీర కథ కూడా సరిగ్గా ఇలాంటి చోటే పుడుతుంది. రెండు నిజాలు పక్కపక్కన కనబడతాయి, మధ్యలో గీత మనమే గీస్తాం. అలా గీయకుండా నిగ్రహించుకోవడం ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. పిల్లలకు ఇది చిన్నప్పుడే అలవాటైతే ఎంతో మేలు.

మరి గజాలు ఎక్కడి నుంచి వచ్చాయి? దీనికి తిరుగులేని జవాబు ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు. కానీ పాత ఉదాహరణలను వరసగా పెట్టి చూస్తే నాకు ఒక దారి కనబడుతుంది. 1908లో చేపల కథ వినిపించడం. 1912లో రహస్యాలు బయటపెట్టడం. అదే ఏడాది వార్తలన్నీ ఇస్తాననడం. 1956లో పోటీ వివరాలు చెప్పి ముగించడం. 1964లో పూర్తి నివేదిక. 1907 నాటి బేస్‌బాల్ ఆటను, 1962 నాటి కారును మినహాయిస్తే దాదాపు అన్నీ మాట్లాడడం గురించినవే, చెప్పడం గురించినవే. చెప్పేవాడు ఆపకుండా, ఏదీ దాచకుండా, కథను చుట్ట విప్పినట్టు విప్పడం. ఇంగ్లిష్‌లో కథను నూలుతో పోల్చడం పాత అలవాటు. కథ చెప్పేవాడు నూలు వడుకుతాడు. అటువంటి కథను గజాలతో కొలవడం వాళ్లకు సహజంగానే తోచి ఉంటుంది. మనం కూడా సాగదీసిన ప్రసంగాన్ని కొండవీటి చాంతాడంత అంటాం కదా.

బట్టల ప్రపంచం వైపు చూపించే పాత ఆధారం మరొకటి కూడా ఉంది. ఇది కూడా దక్షిణ ఇండియానాలోదే. ఒహాయో నది ఒడ్డున, కెంటకీకి ఎదురుగా ఉన్న న్యూ ఆల్బనీ పట్టణపు పత్రికలో 1855 జనవరిలో ఒక హాస్య కథ అచ్చయింది. ఒక న్యాయమూర్తికి చొక్కాలు కావాలి. మూడు చొక్కాలకు సరిపడా బట్ట తెప్పిస్తే, కుట్టిన ఆవిడ ఆ తొమ్మిది గజాలూ ఒకే చొక్కాకు పెట్టేసింది. ఆ కథలో ఉన్నవి నిజమైన గజాలు, నిజమైన బట్ట. అది జాతీయం కాదు. కానీ ‘ద హోల్ నైన్ యార్డ్స్’ అన్న నాలుగు మాటలూ యథాతథంగా అందులో ఉన్నాయి. జాతీయం ఆ కథ నుంచే పుట్టిందా? మధ్యలో యాభై ఏళ్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీని పూరించే ఉదాహరణలు దొరికితే తప్ప అవునని రాయకూడదు. అయినా ఒక విషయం స్పష్టంగా ఉంది. 1855, 1907, 1908 నాటి పత్రికలు దక్షిణ ఇండియానావి. 1912, 1956 నాటివి పక్కనే ఉన్న కెంటకీవి. మాట వయసు మీదా, ఊరు మీదా మనకు గట్టి పట్టు దొరికింది. ఇండియానా, కెంటకీ పల్లెల మాట. ఆ రోజుల్లో అక్కడ చీర కట్టినవారు లేరు, చీరను చూసినవారు కూడా ఎక్కడో ఒకరు ఉంటే ఉండవచ్చు.

చీర కథ పోయిందని మీ అమ్మాయి చిన్నబుచ్చుకుంటే, తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి నిజంగా వెళ్లిన మాట ఒకటి చెప్పండి: ‘బ్యాండికూట్’. అది మన పందికొక్కు. పొలం గట్లలో, ధాన్యపు కొట్ల కింద బొరియలు చేసే పెద్ద ఎలుకను దక్షిణ భారతంలోని ఇంగ్లిష్‌వాళ్లు ఆ పేరుతోనే పిలిచారు. పైన చెప్పిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు కూడా దాన్ని తెలుగు మాటగానే నమోదు చేసింది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పొట్టకింద సంచి ఉండే ఒక చిన్న జంతువు కనబడితే దానికీ ఆ పేరే పెట్టారు. ఈ రోజు సిడ్నీలో ఒక పిల్ల తన పెరట్లో బ్యాండికూట్ తిరిగిందని చెబితే, ఆ పిల్ల నోట పలికింది తెలుగు మాట. దీనికి చీర కథకు లేనివన్నీ ఉన్నాయి. జంతువు ఇక్కడిది, పేరు ఇక్కడిది, రాసినవారు ఇక్కడ తిరిగినవారు, మాట ఇక్కడి నుంచి బయటికి వెళ్లిన దారి కాగితాల మీద కనబడుతుంది. మన భాష మీద గౌరవంతో చెప్పుకోవడానికి ఇటువంటి నిజాలు ఉండగా, లేని చుట్టరికాలు కలుపుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఒక అబద్ధం బయటపడితే దాని పక్కన ఉన్న నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఎక్కడ వాడాలన్నది మీ మూడో ప్రశ్న. స్నేహితులతో మాట్లాడేటప్పుడు, సహోద్యోగులకు మామూలు మెయిల్ రాసేటప్పుడు, కథనంలో, ప్రసంగంలో హాయిగా వాడవచ్చు. అమెరికా సంస్థలతో పనిచేసే హైదరాబాద్ ఇంజనీర్లకు ఇది తరచూ వినబడే మాటే. ఒప్పందాల్లో, పరిశోధన వ్యాసాల్లో, దరఖాస్తుల్లో వాడవద్దు. ‘హోల్’ను వదిలేసి ‘నైన్ యార్డ్స్’ అని మాత్రమే రాస్తే కుదరదు. తొమ్మిదికి బదులు పది, పన్నెండు పెడితే అర్థం చెడిపోతుంది, ఈ రోజుల్లో ఆరు పెట్టినా అంతే. ‘గో ద ఎక్స్‌ట్రా మైల్’తో దీన్ని కలగాపులగం చేయడం కూడా విద్యార్థుల రాతల్లో ఎక్కువగా చూస్తుంటాను. అది అడిగినదాని కంటే ఎక్కువ చేయడం. ఇది ఉన్నదంతా చేయడం. రెండూ ఒకటి కాదు.

ఇక ప్రాజెక్టులో ఏమి రాయించాలి? అర్థం ఒక వాక్యంలో చెప్పించండి. తర్వాత 1908 నాటి రాస్కో చేపల కథను ఆమె సొంత మాటల్లో రాయించండి. పిల్లలకు అది వెంటనే పట్టుబడుతుంది. దాని పక్కన 1912 నాటి ఆరు గజాలు పెట్టించండి. పుట్టుక గురించి ‘ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని ఇండియానా, కెంటకీ ప్రాంతాల్లో వాడుకలో ఉంది, అంకె వెనుక కారణం ఇంకా తేలలేదు’ అని నిర్భయంగా రాయమనండి. తేలలేదని రాసినందుకు ఉపాధ్యాయులు మార్కులు తగ్గిస్తే, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా చాలా మాటల దగ్గర అదే రాస్తుందని చెప్పవచ్చు. చీర కథను కూడా ఒక పేరాలో చేర్చి, అది ఎందుకు నిలవదో రాస్తే ప్రాజెక్టు ఇంకా బాగుంటుంది.

వీలైతే ఒక సాయంత్రం ఆమెతో కలిసి కంప్యూటర్ ముందు కూర్చోండి. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన ‘క్రానిక్లింగ్ అమెరికా’ సైటులో పాత పత్రికలను ఉచితంగా చూపిస్తుంది. మౌంట్ వెర్నాన్ ‘సిగ్నల్’ను పేరుతో వెతికి, 1912 మే 17 సంచిక తెరవండి. రూజ్‌వెల్ట్, టాఫ్ట్ గొడవ గురించిన ఆ వాక్యాన్ని ఆమెనే కనిపెట్టనివ్వండి. ఆ పేజీని అచ్చుతీసి ప్రాజెక్టులో అతికించవచ్చు.